లండను ఖాతా, బేగంబజారు హుండీ

మూసీనదికి ఉత్తరమున, రెండవ నిజాము నిజాం అలీఖాను భార్య హుమ్దా బేగము వర్తకులకు ఒసగిన భూమిపై వెలసినదని చెప్పుకొను బేగంబజారులో నేడు ఇత్తడి బిందెలు, అంజీరు, ఎండుద్రాక్ష, పెండ్లి సామగ్రి కొనుటకు పోవువారు వేలకొలది కలరు గాని, ఒకప్పుడు ఆ సందులలో చేతులు మారిన వస్తువులలోకెల్ల విలువైనది చిన్న కాగితపు ముక్క యని ఎరిగినవారు అరుదు. గోసాయిలును, మార్వాడీలును, అగర్వాలులును అచట గద్దీలు వేసికొని కూర్చుండగా, గుమాస్తాలగు మునీములు ఎఱ్ఱగుడ్డ అట్టల బహీలలో జమకట్టి వ్రాసి యిచ్చిన హుండీ బొంబాయి చేరెనేని, ఇచట కట్టిన సొమ్ము అచట చెల్లెడిది; వెండి రూపాయ మాత్రము పెట్టెలో నుండి కదలెడిది కాదు. నిజాము రాజ్యపు హాలీ సిక్కా వేరు, బ్రిటిషు ఇండియా రూపాయ వేరు. అవి 7 ఇచ్చిన గాని ఇవి 6 రాని ఆ దినములలో బొంబాయికి సొమ్ము పంపుట యనగా ఇంచుమించు విదేశమునకు పంపుటయే.

హుండీలలో చూచినంతనే చెల్లింపవలసిన దర్శనీ హుండీని గూర్చియు, గడువు తీరినపిమ్మట చెల్లు ముద్దతీ హుండీని గూర్చియు పెద్దలు చెప్పగా విన్నవారు ఇంకను కలరు. నా దృష్టిలో వీని రెంటికంటెను సూక్ష్మబుద్ధితో కల్పింపబడినది షాజోగ్ హుండీ. తెచ్చినవాడెవడైనను దానిపై సొమ్ము పొందజాలడు. బజారులో పేరు ప్రతిష్ఠలు గల షావుకారునకే దానిని చెల్లింపవలెను. ఆ హుండీ దొంగసొత్తనియో, కల్పిత పత్రమనియో పిదప తేలినచో, పుచ్చుకొన్న షావుకారు అసలును వడ్డీతో సహా తిరిగి కట్టవలసినవాడు. సొమ్ము చేరునా యని మాత్రమే యోచింపక, చేరినపిదప అడిగినచో బదులు చెప్పువాడు దొరకునా యని గూడ యోచించిన వర్తకుల వివేక మది.

ఈ యొక్క నియమము లోపించుటచేతనే హైదరాబాదు సంస్థానపు ధనము లండనులో 71 సంవత్సరములు చిక్కుపడినదని నా నమ్మకము. 1948 సెప్టెంబరు 13న భారతసేన సంస్థానమున ప్రవేశించెను; 17న ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గము రాజీనామా చేసెను; 18న నిజాము సేన లాంఛనముగా లొంగిపోయెను. అంతయు ముగిసినదనుకొనుచుండగా 20వ తేదీన, పదవి పోయినను ఖాతా నడుపు అధికారము ఇంకను చేజారని మంత్రి మొయిన్ నవాజ్ జంగు ఆదేశముపై, వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో నిజాం ప్రభుత్వపు పేరనున్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు బ్రిటనులోని పాకిస్తాన్ హైకమిషనరు హబీబ్ ఇబ్రహీం రహీంతూలా ఖాతాలోనికి మారినవి. రాజ్యము కూలిన మూడవనాడు, గుమాస్తాలు తొమ్మిది షిల్లింగుల చిల్లరను గూడ విడువక లెక్క సరిచూచిన తీరునకు నవ్వవలెనో, నమస్కరింపవలెనో తెలియదు. 27వ తేదీన నిజాము, ఆ బదిలీ తన అనుమతి లేనిదనియు, సొమ్ము మరలింపవలసినదనియు బ్యాంకునకు తెలిపెను. అప్పటికే కాలము మించినది.

పుచ్చుకొన్నవాడు సామాన్యుడైనచో న్యాయస్థానము అతనిని పిలిపించి యుండెడిది. ఇచట పుచ్చుకొన్నది సర్వసత్తాక రాజ్యము. 1954లో నిజాము వేసిన దావా 1957లో బ్రిటను ప్రభువుల సభకు చేరగా, రహీంతూలా పాకిస్తానునకు ప్రతినిధిగా మాత్రమే ఆ సొమ్మును ధరించియున్నాడనియు, అన్య రాజ్యమును దాని యిష్టము లేక ఆంగ్ల న్యాయస్థానమునకు ఈడ్చుట చెల్లదనియు తీర్పు వచ్చెను. ధనము ఎవరిదను ప్రశ్నకు సమాధానమే లేదు! బ్యాంకు ఎవరికిని ఈయలేదు. సొమ్ము వడ్డీతో పెరుగుచు కూర్చున్నది. ఏడవ నిజాము 1967లో కన్నుమూసెను. 2013లో పాకిస్తాను తానే ఆ ధనమునకై దావాకు దిగుటతో దాని కవచము తొలగినది. వైమానికుడు సిడ్నీ కాటన్ విమానములలో హైదరాబాదునకు ఆయుధములు చేరవేయబడిన మాట వాస్తవమే గాని, ఈ సొమ్ము ఆయుధములకు ప్రతిఫలమను పాకిస్తాను వాదము నిలువలేదు. 2019 అక్టోబరు 2న న్యాయమూర్తి మార్కస్ స్మిత్, అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లైన ఆ నిధి భారతదేశమునకును, నిజాము మనుమలు ముకర్రం జా, ముఫఖం జాలకును చెందునని తీర్పు చెప్పెను. ప్రభుత్వపు పేరనున్న ఖాతాలోని సొమ్ములో తెలంగాణ రైతు కట్టిన శిస్తు ఎంతయో ఆ న్యాయస్థానమున ఎవరును అడుగలేదు. అది అడుగదగిన చోటును కాదనుకొనుడు.

నేడు ధనము కన్నుమూసి తెరచునంతలో ఖండములు దాటునని బ్యాంకులు ప్రకటించుచున్నవి. వాస్తవమునకు దాటునది వార్త. 1973లో బెల్జియమున ఏర్పడిన స్విఫ్ట్ సంస్థ చేరవేయు సందేశము ననుసరించి ఒక బ్యాంకు పద్దులో తరుగు, మరియొక బ్యాంకు పద్దులో పెరుగు వ్రాయబడును. పని మునీము పనియే. మన దేశవాసి ఒక ఆర్థిక సంవత్సరమున 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చును. దానికై ఫారం ఏ-2 నింపి, చదువు నిమిత్తమైనచో ఎస్ 0305 అను సంకేతము వ్రాసి, పాన్ సంఖ్య జతపరుపవలెను. ఇవన్నియు వట్టి పీడయని విసుగుకొనువారితో నేను ఏకీభవింపను. ఎవరి సొమ్ము, ఎవరి యాజ్ఞ, ఏ నిమిత్తమని 1948లో ఆ బ్యాంకు వారము దినములు ఆగి విచారించియున్నచో మూడు తరముల వ్యాజ్యము తప్పెడిది.

నా ఫిర్యాదు వేరు. ప్రశ్నలన్నియు పంపువానికే గాని పుచ్చుకొనువానికి లేవు. అమెరికాలోనో, బ్రిటనులోనో కుమార్తెకు సీటు వచ్చినదని పొలము కుదువబెట్టి వచ్చిన తండ్రి, ఆ కళాశాల మూతపడినచో, వీసా రానిచో సొమ్ము ఎవరిని అడుగవలెనో ఆ కాగితములలో ఎచటను కానడు. నడుమనున్న బ్యాంకు ఎంత కోసికొనునో, మారకపు ధరలో ఎంత మిగుల్చుకొనునో గూడ ముందుగా తెలిసికొనజాలడు. రిజర్వు బ్యాంకు ఈ మూడింటిని రసీదుపై ముద్రింప నాజ్ఞాపింపవలెను, అదియు తెలుగున. నేను చూచిన ఏ-2 ఫారములన్నియు ఆంగ్లమున నున్నవి, వానిలో 'నేను చదివి గ్రహించితిని' అను పంక్తి క్రిందనే ఆ తండ్రి సంతకము చేయుచున్నాడు.