వేగమా, విశాలమా?

విలాసవంతమైన ఎస్.యు.వి. కొనదలచిన కుటుంబంలో తరచు రెండు పక్షాలు ఏర్పడుతుంటాయి. స్టీరింగు పట్టేవారు ఇంజను శక్తిని ఎంచుతారు. వెనుక కూర్చునేవారు కాళ్లు చాపుకొనే చోటును వెదకుతారు. 2002లో రెండు ఐరోపా సంస్థలు ఈ వివాదానికి రెండు భిన్నమైన సమాధానాలు చెప్పాయి.

పందెపు కార్లకు పేరుగాంచిన జర్మనీ సంస్థ పోర్షే ఆ సంవత్సరం 'కయెన్'ను ప్రదర్శించింది. అందులో టర్బో రకం శక్తి 450 అశ్వశక్తి. నిశ్చలస్థితి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకొనుటకు దానికి ఆరు సెకన్లయినా పట్టదు. కాని ఆసనాలు ఐదే.

స్వీడన్ సంస్థ వోల్వో అదే సంవత్సరం చూపిన 'ఎక్స్‌సి90'లో ఏడుగురు కూర్చునే ఏర్పాటు ఉన్నది. శక్తిలో అది కయెన్ టర్బోకు చాలా వెనుక. అయితే రెండవ వరుస నడిమి ఆసనంలో బిడ్డకు తగిన పీటను అమర్చి, దానిని తల్లిదండ్రులకు చేరువగా జరుపుకొనే వీలు కల్పించారు. బండి బోల్తాపడే సూచనను పసిగట్టి, తనంతట తానే బ్రేకు వేసే సాధనం కూడా అందులో ఉన్నది.

ఈ రెండింటిలో ఏది మేలు? జవాబు మోయవలసిన బరువును బట్టి ఉంటుంది. మనిషికి 65 కిలోల చొప్పున ఏడుగురు 455 కిలోలవుతారు. రెండు టన్నుల బండికి ఇది దాదాపు నాలుగవ వంతు. ఆ బరువుతో బండి పరుగు మందగిస్తుంది. పైకప్పున సామాను కడితే గరిమనాభి పైకి జరిగి, మలుపులలో బండి మరింత ఒరుగుతుంది. వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. బండిని ఆపాలంటే బ్రేకులు ఆ శక్తినంతటినీ అణచవలసిందే. కనుక కుటుంబానికి కావలసిన సామర్థ్యం ముందుకు దూకడంలో కంటె, నిలకడగా సాగి సకాలంలో ఆగడంలోనే ఎక్కువగా ఉన్నది.

అట్లని అధిక శక్తి వ్యర్థం కాదు. ఇరుకు రహదారిపై లారీని దాటేటప్పుడు ఎదుటి వరుసలో గడిపే క్షణాలను అది తగ్గిస్తుంది. అదే విధంగా ఏడు ఆసనాలున్నంత మాత్రాన ఏడుగురికీ సుఖమని కాదు. మూడవ వరుసను ఎత్తితే సామానుకు మిగిలే చోటు స్వల్పం. పెద్ద చక్రాలకు పలుచని టైర్లు తొడిగితే ప్రతి గుంతా వెనుకవారి నడుముకు తెలుస్తుంది.

కనుక కొనే ముందు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని, గతుకుల బాటపై ఒక గంట నడిపి చూడండి. చివరి వరుసలో పెద్దవారొకరు కూర్చోవాలి. దిగిన తరువాత వారి మాటను ముందుగా వినండి; నడిపినవారి అభిప్రాయం ఆ తరువాత అడగవచ్చు.