టికెట్టుకు గడువు ఉండొచ్చు, డబ్బుకు ఎందుకు?

పోయిన దసరా సెలవుల్లో మా చెల్లెలు పిల్లల్ని తీసుకుని అనంతపురం నుంచి హైదరాబాద్ వచ్చింది. వాళ్ళు ఏడాదిగా అడుగుతున్న నీటి ఆటల పార్కు ఇక్కడ ఉంది. తగ్గింపు ధరకు వస్తున్నాయని వేసవిలోనే ఐదు టికెట్లు కొని ఫోన్‌లో దాచి ఉంచాను. తువ్వాళ్ళు, మార్చుకునే బట్టలు సంచిలో సర్దుకుని పొద్దున్నే గేటు దగ్గరికి చేరాం. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నా ఫోన్ తీసుకుని, రెండు వేళ్ళతో తెర మీది అక్షరాలను పెద్దవి చేసి చూపించాడు. ‘పండగ సెలవుల్లో చెల్లదు మేడమ్, మామూలు రోజుల్లోనే’ అన్నాడు. డిసెంబరు దాకా గడువుంది కదా అన్నాను. ‘గడువుంది మేడమ్, ఈ రోజుకి లేదు’ అన్నాడు.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. అతను చదివి చెప్పిన మాట ఆ టికెట్టులో నిజంగానే ఉంది. చెల్లెలి కొడుకు అప్పటికే లోపలి నుంచి వినిపిస్తున్న కేకల వైపు మెడ చాచి చూస్తున్నాడు. వాణ్ణి వెనక్కి తీసుకెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పూర్తి ధర పెట్టి మళ్ళీ ఐదు టికెట్లు కొన్నాం. పాత టికెట్లను వాడుకోవాలంటే పిల్లలు బడి మానేసి మామూలు రోజున రావాలి. రాలేదు. డిసెంబరు ముగియగానే అవి పనికిరాకుండా పోయాయి. డబ్బు మాత్రం పార్కు దగ్గరే ఉండిపోయింది.

అప్పటినుంచి ఎవరు టికెట్లు కొంటున్నామన్నా ఒకటే చెబుతున్నాను: ధర తర్వాత, ముందు తేదీలు చూడండి. తేదీలు అని బహువచనంలోనే అంటున్నాను. తగ్గింపు టికెట్టులో ఒకటి కాదు, మూడు గడువులు ఉంటాయి. ఎప్పటిలోగా మొదటిసారి వాడాలి అన్నది ఒకటి. వాడటం మొదలుపెట్టాక ఎన్ని రోజుల్లో పూర్తి చేయాలి అన్నది రెండు. ఆ మధ్యలో ఏ రోజుల్లో చెల్లదు అన్నది మూడు. ప్రకటనలో కనబడేది మొదటిదే. గేటు దగ్గర అడ్డుపడేవి మిగతా రెండూ.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. హైదరాబాద్ సిటీ బస్సులో టీ-24 టికెట్ కొంటే కండక్టర్ ఇచ్చిన నిమిషం నుంచి ఇరవై నాలుగు గంటలు. సాయంత్రం నాలుగింటికి కొన్నవాళ్ళకు మర్నాడు నాలుగు దాకా చెల్లుతుంది. అర్ధరాత్రితో ముగుస్తుందనుకుని సగం వదులుకున్న వాళ్ళూ ఉంటారు. గడియారం ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే చాలు, టికెట్టు సగం అర్థమైనట్టే.

ఆ గడియారం విలువ బాగా తెలియాల్సినవాళ్ళు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే మన తల్లిదండ్రులు. ఆర్నెల్ల బసలో ఓర్లాండో యాత్ర చాలా ఇళ్ళలో ఖాయం. ఫ్లోరిడాలో ఆ ఊరి దగ్గరే ఉన్న డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరులో మొదలైంది. చాలా ఏళ్ళు అక్కడ కొంత డబ్బు ఎక్కువ కడితే గడువే లేని టికెట్ ఇచ్చేవాళ్ళు. మిగిలిన రోజుల్ని పదేళ్ళ తర్వాత వచ్చి కూడా వాడుకోవచ్చు. 2015లో దాన్ని ఆపేశారు. 2018 అక్టోబరు నుంచి టికెట్ కొనేటప్పుడే మొదటి రోజు ఏదో చెప్పాలి, ధర కూడా ఆ రోజును బట్టే మారుతుంది. నాలుగు రోజుల టికెట్టును ఆ మొదటి రోజు నుంచి ఏడు రోజుల్లో వాడేయాలి. సోమవారం అని రాయించుకుంటే ఆదివారంతో సరి. సోమ, మంగళవారాల్లో రెండు పార్కులు చూసి, మధ్యలో టాంపాలో ఉన్న బంధువుల ఇంటికి వెళ్ళి, మళ్ళీ మంగళవారం వస్తే మిగిలిన రెండు రోజులూ పోయినట్టే. అదే కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో ఒకటికి మించిన రోజుల టికెట్టు లెక్క మొదటిసారి గేటు దాటిన నాటి నుంచి మొదలై, తర్వాత పదమూడు రోజుల్లో ముగుస్తుంది. కంపెనీ ఒకటే, గడియారాలు రెండు. ఒకచోట వెళ్ళివచ్చిన వాళ్ళ అనుభవం రెండోచోటికి వెళ్ళేవాళ్ళకు పనికిరాదు.

పార్కులకు ఈ గడువులతో ఏం పని అంటే, వాళ్ళు అమ్మేది సరుకు కాదు, రోజు. ఈ మంగళవారం ఖాళీగా తిరిగిన రోలర్ కోస్టర్ సీటును రేపటికి దాచి అమ్మలేరు. అందుకే జనం రాని రోజులకు రప్పించాలని ధర తగ్గిస్తారు, జనం విరగబడే రోజుల్లో ఆ తగ్గింపు చెల్లదంటారు. ఇందులో అన్యాయం లేదు. ఫలానా రోజున రావడం మనకు కుదిరితే వాళ్ళకూ లాభం, మనకూ లాభం. తగ్గించిన ఆ డబ్బు మనకు ఊరికే ఇవ్వడం లేదు. నచ్చిన రోజున వెళ్ళే స్వేచ్ఛను మన దగ్గర కొనుక్కుంటున్నారు. సెలవులు బడి చేతిలో ఉన్న కుటుంబం ఆ స్వేచ్ఛను అమ్ముకోలేదు. అలాంటివాళ్ళకు పూర్తి ధర టికెట్టే చవక.

మరీ చవకగా వచ్చేవాటి దగ్గర ఇంకొంచెం ఆగి ఆలోచించాలి. రెండు రోజులు వాడిన టికెట్టు, ఇంకో రెండు మిగిలాయని ఎవరైనా అమ్మజూపితే చేతులు జోడించి వద్దనండి. డిస్నీ వరల్డ్‌లో మొదటిసారి వచ్చినవారి వేలిని గేటు దగ్గర స్కాన్ చేస్తారు, రెండోసారి వేరే వేలు పెడితే పట్టుబడుతుంది. బదిలీకి వీల్లేదని రాసి ఉండి, ఒకసారి వాడేసిన టికెట్టును అమ్మడం ఫ్లోరిడా చట్టంలో నేరం కూడా. ఓర్లాండో రోడ్ల పక్కన సగం ధర అని బోర్డులు పెట్టిన కొట్లు కనిపిస్తాయి. వాటిలో చాలావాటి వెనక టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు వాడుకునే విడిది ఇంటి వాటా, అమ్మకం ఉంటుంది. ఆ తగ్గింపు కోసం సెలవులో ఒక పూట వాళ్ళ ప్రసంగం వింటూ కూర్చోవాలి. ఆర్నెల్లకు వెళ్ళిన అమ్మానాన్నలకు ఆ పూట విలువెంతో లెక్కేసుకోవాలి.

ఇక నా అసలు బాధ. మన టికెట్టును మన నిర్లక్ష్యం వల్లే వాడుకోలేదనుకుందాం. తగ్గింపు పోవాలి, ఒప్పుకుంటాను. మనం కట్టిన డబ్బు ఎందుకు పోవాలి? డిస్నీ వాళ్ళ నియమాలు ఎంత కఠినమో చెప్పాను కదా. వాళ్ళు కూడా ఒక్కసారీ వాడని టికెట్టు గడువు దాటితే, దానికి కట్టిన మొత్తాన్ని కొత్త టికెట్టులో జమ వేసుకోనిస్తారు. పెరిగిన ధర ఉంటే ఆ తేడా మనం కట్టాలి. వాళ్ళ ఖాళీ సీటుకూ నష్టం లేదు, మన డబ్బుకూ నష్టం లేదు. మన పార్కుల టికెట్ల మీద నేను చూసిన మాట మాత్రం ఒకటే: డబ్బు వాపసు లేదు, తేదీ మార్పు లేదు.

చట్టాల్లోనూ ఇక్కడ ఒక సందు ఉంది. బ్యాంకు ఇచ్చే గిఫ్ట్ కార్డుకు కనీసం ఏడాది చెల్లుబాటు ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. ఒక సంస్థ తన సేవల కోసమే ఇచ్చుకునే వోచరు ఆ నియమం కిందికి రాదు. అమెరికా కేంద్ర చట్టం గిఫ్ట్ కార్డులకు కనీసం ఐదేళ్ళు ఇవ్వాలంటుంది, ప్రచారం కోసం ఇచ్చే తగ్గింపు కూపన్లను మాత్రం వదిలేస్తుంది. మనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, ఏకపక్షంగా ఉన్న ఒప్పందాన్ని ప్రశ్నించే వీలు అందులో ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించే పదమూడు పద్ధతులను 2023 నవంబరులో కేంద్రం నిషేధించింది. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని లేని తొందర పెట్టడం అందులో ఒకటి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అందుకు కొన్ననాటి పేజీ మన దగ్గర ఉండాలి. కాబట్టి డబ్బు కట్టే ముందు షరతుల పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు, నా ఫిర్యాదు అక్కడే ఆగిపోయింది.

పార్కుల యజమానుల్ని నేను అడిగేవి రెండే. ధర ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో, చెల్లని రోజులూ అంత పెద్దవిగా, దాని పక్కనే వేయండి. వాడని టికెట్టులోని డబ్బును కొత్త టికెట్టులోకి మార్చుకోనివ్వండి. నా ఫోన్‌లో ఆ ఐదు టికెట్లు ఇంకా ఉన్నాయి. వచ్చే దసరాకు మా చెల్లెలు మళ్ళీ వస్తుంది. తేడా ఎంతైనా కడతాను, కౌంటర్‌లో తీసుకుంటే చాలు.