మా మోడల్‌కి తెలియని కోణం

సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్ట్‌కి మా టీమ్ నలుగురం కలిసి, ఎక్స్‌రే చూసి ఎముక విరిగిందో లేదో చెప్పే మోడల్ చేశాం. విరిగితే 1, లేకపోతే 0. రివ్యూలో మార్కులు బాగానే పడ్డాయి. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళాక ఆ గర్వం దిగిపోయింది.

నాయనమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి దగ్గర, తొడ ఎముక మెడ విరిగింది. ఆ సంగతి ఎక్స్‌రే చూడగానే నాకే తెలిసిపోయింది, మోడల్ అక్కర్లేదు. డాక్టర్ గారు మాత్రం ఫిల్మ్ మీద స్కేలు పెట్టి, విరిగిన గీత ఎంత వాలుగా ఉందో చూశారు. "గీత బాగా నిటారుగా ఉందండీ, ఎముక కూడా గుల్లబారింది. స్క్రూలు వేస్తే నిలవకపోవచ్చు, కీలు మార్చడమే మంచిది" అని నాన్నతో అన్నారు. విరిగింది విరిగిందే కదా, గీత ఎటుంటే ఏంటి అనుకున్నా.

హాస్టల్‌కొచ్చాక మెకానికల్ చదివే రూమ్‌మేట్‌ని అడిగితే పేక కట్ట తీశాడు. (ఎక్కడిదని వార్డెన్ గారు అడగొద్దు.) కట్టని పైనుంచి అరచేత్తో నొక్కితే ఏమీ కాలేదు. పై ముక్కని పక్కకి తోస్తే కట్టంతా జారిపోయింది. "అదేరా షియర్. అలా జారకుండా ఎంతవరకు ఆగగలదో అదే షియర్ స్ట్రెంగ్త్" అన్నాడు.

తర్వాత చదివితే తెలిసింది. తొడ ఎముకలోని గట్టి భాగాన్ని నిలువునా నొక్కితే చదరపు మిల్లీమీటరుకి సుమారు 190 న్యూటన్లు తట్టుకుంటుంది, లాగితే 130. షియర్‌లో 70 లోపే! విరిగిన గీత అడ్డంగా ఉంటే ఒంటి బరువు రెండు ముక్కల్నీ దగ్గరికి అదుముతుంది, అతుక్కోడానికి అది మంచిదే. నిటారుగా ఉంటే అదే బరువు ఒక ముక్కని ఇంకోదాని మీంచి జార్చేస్తుంది, భారమంతా స్క్రూల మీద పడుతుంది. జర్మన్ డాక్టర్ పావెల్స్ 1935లోనే ఈ గీత అడ్డానికి చేసే కోణాన్ని బట్టి మూడు రకాలు చేశాడు: 30 డిగ్రీల లోపు, 30 నుంచి 50, 50 దాటినవి. ఎముకలే కాదు, పంటికి పెట్టే ఫిల్లింగ్ ఎంత గట్టిగా అంటుకుందో కూడా ల్యాబ్‌లో షియర్ పెట్టే చూస్తారు.

"సీఎస్‌ఈ వాళ్ళకి స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఎందుకు" అని నేనూ అన్నవాణ్ణే. ఇప్పుడనను. హెల్త్‌కేర్ ప్రాజెక్ట్ అనగానే డేటాసెట్ దింపుకుని, అందులో ఏ లేబుల్ ఉంటే అదే మోడల్‌కి నేర్పిస్తాం. ఆ లేబుల్ డాక్టర్‌కి పనికొస్తుందా అని మేం ఒక్కసారి కూడా అడగలేదు. మీరడిగారా?

ఈ సెమ్‌లో మోడల్‌కి కోణం కొలవడం నేర్పిద్దామన్నాను. తేలికేం కాదు, కాలు కాస్త తిరిగి ఉన్నా ఫిల్మ్‌లో కోణం మారిపోతుంది. ఇద్దరు సరేనన్నారు. మూడోవాడు "యాక్యురసీ పడిపోతుంది రా" అంటున్నాడు. పడితే పడనీ. నాయనమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని వంటింటి దాకా వెళ్తోంది.