చికిత్సలో రెండో సగం

“బలమైన ఆహారం తినండి, నెల తర్వాత మళ్లీ రండి” అని చీటీ రాసి పంపడం వైద్యంలో సగమే. ఆ ఆహారం ఎక్కడ దొరుకుతుందో, మళ్లీ రావడానికి దారి ఏమిటో చెప్పడం రెండో సగం. దానిని రోగి నెత్తినే వదిలేసి, తీరా అతడు మందులు మానేస్తే నిర్లక్ష్యమని ముద్ర వేస్తున్నాం. ఇది అన్యాయం.

సాయం లేదా అంటే, ఉన్నది. క్షయరోగికి చికిత్స సాగినన్నాళ్లూ పోషణ కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ కావాలి. 2024 నవంబరుకు ముందు అది 500. ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు వెళ్లే గర్భిణికి రానుపోను వాహనం, అక్కడ భోజనం 2011 నుంచి ఉచితం. ఆహార భద్రతా చట్టం కింద కార్డున్న వలస కూలీ తన రేషన్‌ను వేరే రాష్ట్రంలోనూ తీసుకోవచ్చు. ఆదరణ లేని వృద్ధులకు 14567 సహాయవాణి ఉన్నది.

ఇవి ఎన్ని ఆసుపత్రుల గోడలపై కనిపిస్తున్నాయి? ఎందరు వైద్యులు నోరు తెరిచి చెబుతున్నారు? తెలియని హక్కు ఎవరి ఆకలీ తీర్చదు.

కనుక పాఠకులారా, మీ ఊరి ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని నిలదీసి అడగండి. క్షయకు మందులు వాడేవారు మీ ఇంట ఉంటే, ఖాతా వివరాలు నమోదయ్యాయో లేదో ఈ వారమే కనుక్కోండి. వైద్య మిత్రులారా, మందు రాసేముందు రెండు ప్రశ్నలు వేయండి: “ఇంట్లో తిండికి ఉందా? మళ్లీ ఎలా వస్తారు?”