ఆటగాడికి టికెట్టు సరే, మైదానం మాటేమిటి?

2025 అక్టోబరు 31న రాజ్‌భవన్‌లో మహమ్మద్ అజహరుద్దీన్ తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. కొద్ది రోజులకే శాఖలు కేటాయించారు. మైనారిటీ సంక్షేమం, ప్రభుత్వ రంగ సంస్థలు ఆయన వంతుకు వచ్చాయి. దేశానికి 99 టెస్టులు ఆడి, మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టి, ఏళ్ల తరబడి కెప్టెన్సీ చేసిన మనిషి మంత్రివర్గంలోకి వచ్చాడు. క్రీడల శాఖ మాత్రం ఆయనకు రాలేదు. దీని మీద ఎక్కడా పెద్దగా చర్చ జరగలేదు. మా ఇంట్లో జరిగింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు యూసుఫ్‌గూడలో కొడుకు దగ్గర ఉంటున్నాను, ఓటు కూడా ఇక్కడే. అంటే జూబ్లీహిల్స్ ఓటరునన్నమాట. అజహర్ ప్రమాణం చేసిన పదకొండో రోజున మా నియోజకవర్గంలో ఉపఎన్నిక. ఇక్కడ ముస్లిం ఓటు ఎంత కీలకమో పార్టీలకు ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టి ఆయన్ని తీసుకున్నది ఆటగాడని కాదు. ఆటగాడన్న పేరు దానికి మెరుగు పెట్టింది, అంతే.

మాజీ ఆటగాళ్లు ఎన్నికల్లో నిలబడితే ‘వీళ్లకెందుకు రాజకీయాలు’ అనేవాళ్లలో నేను లేను. కాంట్రాక్టర్లు, సినిమా నటులు, రియల్టర్లు నిలబడగా లేనిది ఆటగాడు నిలబడితే వచ్చిందా? నా గొడవ పార్టీలతో. వాళ్లు ఆటగాడి మొహం తీసుకుంటారు, అతనికి తెలిసిన విద్యను గేటు బయటే వదిలేసి రమ్మంటారు.

అజహర్ సంగతే చూడండి. విఠల్‌వాడిలో పెరిగి నిజాం కాలేజీలో చదివిన హైదరాబాదీ. 2009లో కాంగ్రెస్‌లో చేరితే టికెట్టు ఎక్కడ ఇచ్చారు? ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో. గెలిచారు. 2014లో రాజస్థాన్‌లోని టోంక్-సవాయ్ మాధోపూర్‌కు పంపారు. ఓడారు. సొంత ఊళ్లో నిలబడే అవకాశం 2023లో జూబ్లీహిల్స్‌లో గానీ రాలేదు. అప్పుడు మాగంటి గోపీనాథ్ చేతిలో 16 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. ఆ ఎన్నికల రోజుల్లో మా గల్లీ ఆటో డ్రైవర్ని అడిగాను, ఏమయ్యా, అజ్జూ భాయ్‌కి వేస్తున్నావా అని. ‘మణికట్టు చూసి ఏస్తమా సారూ, నల్లా సంగతి చూసి ఏస్తం’ అన్నాడు. లెగ్ సైడు ఆ ఫ్లిక్ షాట్‌ను అతనూ నాలాగే ప్రేమించినవాడే. ఓటు మాత్రం వేరే లెక్క. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో 2000లో బోర్డు వేసిన జీవితకాల నిషేధం గురించి గానీ, 2012లో హైకోర్టు దాన్ని కొట్టేయడం గురించి గానీ అతను ఒక్క మాట ఎత్తలేదు.

ఆంధ్రలో క్రికెటర్ అంబటి రాయుడి ముచ్చట ఇంకా పొట్టిది. గుంటూరు వాడు. 2023లో జిల్లాలో ఊళ్లు తిరిగాడు, జనంతో మాట్లాడాడు. డిసెంబరు 28న వైఎస్సార్‌సీపీ కండువా కప్పుకున్నాడు. జనవరి 6న తీసేశాడు. దుబాయ్‌లో ముంబై ఇండియన్స్ వాళ్ల జట్టుకు ఆడాలి, ఆటలో ఉన్నవాడికి పార్టీ కుదరదు అన్నాడు. తర్వాత జనసేన వైపు కనిపించాడు. పది రోజులైనా క్రీజులో నిలవలేదని నవ్వుకున్నవాళ్లు చాలామంది. నాకు నవ్వు రాలేదు. ఊళ్లు తిరిగినప్పుడు అతను ఏం చూశాడో, ఏ బడిలో ఆటస్థలం ఎలా ఉందో చెబితే వినాలనుకున్నాను. ఆ మాట అతన్ని ఏ పార్టీ అడిగినట్టు లేదు.

బయటి రాష్ట్రాల్లోనూ ఇదే వరస. 2024లో గుజరాత్ వాడైన క్రికెటర్ యూసుఫ్ పఠాన్‌ను తృణమూల్ బెంగాల్‌లోని బహరంపూర్‌కు తీసుకెళ్లి నిలబెడితే, అయిదుసార్లు గెలిచిన అధీర్ రంజన్ చౌధురి ఓడిపోయారు. గెలుపుకేం, లెక్క కుదిరితే ఎక్కడైనా వస్తుంది. గౌతమ్ గంభీర్ 2019లో తూర్పు దిల్లీ గెలిచి, అయిదేళ్లు కాగానే క్రికెట్ పనులున్నాయని తప్పుకున్నారు. ఫుట్‌బాల్‌లో బైచుంగ్ భూటియా పార్టీలు మారి, సొంత పార్టీ పెట్టి, వరసగా ఓడి 2024లో సెలవన్నారు.

కాస్త భిన్నంగా కనిపించేది రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్. 2004 ఏథెన్స్‌లో షూటింగ్‌లో వెండి పతకం, 2014లో జైపూర్ రూరల్ ఎంపీ, 2017లో కేంద్ర క్రీడల మంత్రి. ‘ఖేలో ఇండియా’ స్కూలు పోటీలు మొదలైంది ఆయన హయాంలోనే, 2018 జనవరిలో. లోటుపాట్లు ఉండొచ్చు. కానీ పదిహేడేళ్ల లోపు పిల్లలు దిల్లీ వెళ్లి ఆడటం టీవీలో చూసినప్పుడు, ఆ కుర్చీలో ఆడినవాడు కూర్చున్నాడని తెలిసింది. 2019లో ఆయన మీద కాంగ్రెస్ నిలబెట్టింది డిస్కస్ త్రోయర్ కృష్ణా పూనియాను. ఇద్దరు ఒలింపియన్లు ఒకే సీటుకు! అలాంటి పోటీ మన దగ్గర ఎప్పుడు చూస్తామో. ఆయన గెలిచారు, కొత్త కేంద్ర మంత్రివర్గంలో మాత్రం చోటు దక్కలేదు.

అందరికంటే ముందు చెప్పుకోవాల్సింది జైపాల్ సింగ్ ముండా గురించి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ కెప్టెన్. రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు. జార్ఖండ్ ప్రాంతంలో తిరిగి పార్టీని కట్టి, 1952 నుంచి చనిపోయేదాకా లోక్‌సభలో ఉన్నారు. హాకీ ఆయనకు గుర్తింపు తెచ్చింది, ఓట్లు తెచ్చింది మాత్రం ఆయన ఎత్తుకున్న గొడవ. కుస్తీ యోధురాలు వినేశ్ ఫోగట్‌కూ అది వర్తిస్తుంది. 2024లో హరియాణాలోని జులానాలో ఆమెను 6,015 ఓట్లతో గెలిపించింది పారిస్ ఒలింపిక్స్ తూకంలో ఎక్కువైన వంద గ్రాముల మీద జాలి ఒక్కటే అనుకోను. అంతకు ముందు ఏడాది జంతర్‌మంతర్ దగ్గర ఆమె నిరసనగా రోడ్డు మీద కూర్చోవడం కూడా జనం చూశారు.

తెలుగు నేల మీద ఆటకూ రాజకీయానికీ ఉన్న బంధానికి పాత కథ ఒకటుంది, తిరగేసి. విజయనగరం మహారాజకుమార్ ‘విజ్జీ’ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకు కెప్టెన్ అయింది ఆటతో కాదు, పలుకుబడితో. ఆడిన మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. జట్టులో మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. తర్వాత విశాఖ ఎంపీ కూడా అయ్యారు. రాజకీయం ఆటలోకి రావడం మనకు అప్పటి నుంచే అలవాటు.

ఇప్పటికీ అంతే. 1983 జనవరిలో ఎన్టీఆర్, 2004లో వైఎస్, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది లాల్ బహదూర్ స్టేడియంలో. 2019లో జగన్ ప్రమాణం విజయవాడ మున్సిపల్ స్టేడియంలో. మొన్నటి మా ఉపఎన్నిక ఓట్లు లెక్కించింది కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియంలో. నాయకుల ప్రమాణాలకు స్టేడియం, ఓట్ల లెక్కకు స్టేడియం. ప్రాక్టీసుకు వచ్చే పిల్లలు ఆ రోజుల్లో గేటు బయట.

పట్నంలోనే ఇలా ఉంటే, ఊళ్లో బడి మైదానం గతి చెప్పాలా? నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక పెద్ద నాయకుడి సభకు మా గ్రౌండు అడిగారు. అడిగారనడం మర్యాదకు, ముందు రోజు జేసీబీ వచ్చింది. ఖోఖో స్తంభాలు పీకేశారు. కబడ్డీ కోర్టు మీద రోలరు నడిపి, సున్నంతో వలయం గీసి హెలిప్యాడ్ చేశారు. సభ అయ్యాక జెండాలు తీసుకెళ్లారు గానీ గుంజలు పాతిన గుంతలు మాకు వదిలేశారు. మర్నాడు పిల్లలు వరసగా వంగి మేకులు, ఇనుప తీగ ముక్కలు, పగిలిన గాజు ఏరారు. సగం మందికి బూట్లు లేవు, ఉత్త కాళ్లతోనే కబడ్డీ ఆడాలి. అలా ఏరినా తొమ్మిదో తరగతి పిల్లకు మడమలో మేకు దిగింది, జోన్ పోటీలకు వెళ్లలేకపోయింది. ఎవరికి చెప్పుకోవాలి?

విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. హైదరాబాద్‌లో అపార్టుమెంట్లలో నడిచే బడులు చూసినవాళ్లకు ఆ చట్టం ఎంత నడుస్తోందో తెలుసు. పదో తరగతికి డ్రిల్లు పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, దాన్ని లెక్కల మాస్టారు తీసుకుంటాడు. ఎన్నికల డ్యూటీ జాబితా రాసేటప్పుడు మాత్రం పీఈటీ పేరు ఎవరూ మరిచిపోరు.

సచిన్ 2012 నుంచి 2018 దాకా రాజ్యసభలో ఉన్నారు. సభకు సరిగా రాలేదన్న విమర్శ నిజమే. మన నెల్లూరు వైపు పుట్టంరాజు కండ్రిగను దత్తత తీసుకుని రోడ్లు, డ్రైనేజీ వేయించారు, అదీ నిజమే. 2017 డిసెంబరులో ఆయన సభలో లేచి పిల్లల ఆడుకునే హక్కు గురించి మాట్లాడబోయారు. గోలలో మాట్లాడనివ్వలేదు. చివరికి ఫేస్‌బుక్‌లో చెప్పుకున్నారు. ఆ రోజు అరిచినవాళ్లు ఏ పార్టీ అన్నది నాకు ముఖ్యం కాదు. మరో పార్టీ అధికారంలో ఉన్నా అదే జరిగేది.

ఆటగాడు వస్తే ఆట బాగుపడి తీరుతుందని కూడా నేను అనను. 2019లో అజహర్ హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యారు. సంఘం కుదుటపడకపోగా గొడవలు ముదిరి, 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ లావు నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించాల్సి వచ్చింది. బాగా ఆడటం వేరు, నడపడం వేరు. అయినా, మైదానంలో మేకు ఎక్కడ దిగుతుందో తెలిసినవాడికి ఇక్కడా ఒక్కసారి క్రీడల శాఖ ఇచ్చి చూడందే ఏ సంగతీ తేలదు.

ఎన్నికలు మళ్లీ వస్తాయి. పాత ఆటగాళ్లు మీ గల్లీకీ వస్తారు. సెల్ఫీ దిగండి, తప్పు లేదు. దిగాక, గెలిస్తే క్రీడల శాఖ కావాలని మీ పార్టీని అడుగుతారా అని అడగండి. ఇక పార్టీల పెద్దలకు నా విన్నపం: టికెట్లు మీ ఇష్టం వచ్చినవాళ్లకు ఇచ్చుకోండి, మీ సభలు మాత్రం బడి మైదానాల్లో పెట్టకండి.