ఇసుక మీద గీత గీసేముందు

పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లెకారుల ఊరు వీరాంపట్టినం. రోమ్‌తో సాగిన ప్రాచీన వర్తకానికి ఆనవాలుగా నిలిచిన అరికమేడు దాని పొరుగునే ఉంది. చిన్న వీరాంపట్టినంలోని ఈడెన్ బీచ్‌కు 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రమైన నీరు, భద్రత, వ్యర్థాల నిర్వహణ వంటి 33 ప్రమాణాలకు తూగితేనే దక్కే గౌరవమది. సంతోషించాల్సిన విషయమే.

అయితే ఆ ఇసుకకు అందరూ కట్టే విలువ ఒకటి కాదు. వేటకు వెళ్లివచ్చినవాడికి అది పడవను ఒడ్డుకు లాగే రేవు, చిరిగిన వల బాగుచేసుకునే చోటు. ఆడవాళ్లకు చేపలు ఎండబెట్టుకునే కళ్లం. చదువుకున్న కుర్రాళ్లకు ఊళ్లోనే దొరికే కొలువు మీద ఆశ. పెద్దలకు సెంగళునీర్ అమ్మన్ కొలువైన నేల. ఆడి మాసపు తేరు పగ్గం పాలకులే వచ్చి పట్టడం అక్కడ ఫ్రెంచివారి కాలం నుంచీ ఆనవాయితీ. ఊరంటే ఒకే గొంతు కాదు. వీటిలో ఏ విలువనూ కాదనలేం.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మరమ్మతులకు, రంగులకు చోటు కావాల్సింది అప్పుడే. బడి సెలవుల్లో సందర్శకులు వచ్చేదీ అప్పుడే. పేచీ పుట్టేది ఇక్కడే. చేతిలో పైసా ఆడని ఇంటికి పర్యాటకం ఆసరా కాగలిగేదీ ఇక్కడే. ఏది జరుగుతుందన్నది హద్దులు గీసేముందు ఎవరిని అడిగామన్న దాన్నిబట్టి ఉంటుంది.

విశాఖ రుషికొండకు 2020లో వచ్చిన ఇదే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు, నిర్వహణ లోపాలతో 2025లో తాత్కాలికంగా చేజారి, మళ్లీ దక్కింది. జెండా ఎగరేయడం ఒకనాటి పని, తీరాన్ని కాపాడుకోవడం నిత్యం చేయాల్సిన పని. ఆ పని తీరాన్నే నమ్ముకుని బతికేవారు మనసుపెట్టి చేసినట్టు మరొకరు చేయలేరు. కానీ పరాయిదైపోయిన ఒడ్డును ఎవరు మాత్రం ఎందుకు ఊడుస్తారు?

అందుకే పడవల రేవు, చేపల కళ్లం, అమ్మవారి తేరు దారి ముందుగా పటంలోకి ఎక్కాలి. స్నానఘట్టాలు, దుకాణాలు, గొడుగులు ఆ తర్వాతే. వచ్చిన రాబడిలో ఊరి వాటా ఎంతో కాగితం మీద రాసి ఇవ్వాలి. అలలు చూడడానికి వచ్చేవారిని ఆదరించడం తీరానికి కొత్త కాదు. ఆ ఆదరణకు తన ఇల్లు ఖాళీ చేయాల్సిన అగత్యం మాత్రం ఏ ఊరికీ రాకూడదు.