నొప్పికి మందు మా హక్కు

"ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి."

క్యాన్సర్ ముదిరిన వాడ మనిషి పట్నం ఆస్పత్రిలో వినే ఆఖరి మాట ఇది. ఈ మాట అబద్ధం అంటున్నాం మేము. జబ్బు నయం కాకపోవచ్చు. కానీ నొప్పికి మందుంది. వాంతులకి, ఆయాసానికి, పుండు కంపుకి మందుంది. చేసేది చాలా వుంది. పేదోడికి చెయ్యరు, అంతే.

నొప్పికి మార్ఫిన్ మాత్ర వుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో దానికి చోటుంది. దాన్ని తీసే నల్లమందు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో సర్కారు లైసెన్సుతోనే పండుతుంది. పండేదీ ఈ దేశంలోనే, అది అందక జనం అరిచి చచ్చేదీ ఈ దేశంలోనే! దొంగ వ్యాపారాన్ని పట్టడానికని 1985లో తెచ్చిన మత్తుమందుల చట్టం, లైసెన్సుల మీద లైసెన్సులు పెట్టి ఆస్పత్రుల్లోంచి మార్ఫిన్‌ని తరిమింది. 2014లో చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. పదేళ్లు దాటినా ఆ దారి మన వాడల దాకా రాలేదు. "అలవాటైపోద్ది" అని భయపెట్టేవాళ్లున్నారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన లెక్కన వాడితే వ్యసనం కావడం చాలా అరుదు. మలబద్ధకం వస్తుంది, దానికీ మందిస్తారు.

ఇక పుండు సంగతి. రొమ్ము మీదో దవడ మీదో పుండు పగిలి కంపు కొడితే మంచం పశువుల కొట్టంలోకి పోతుంది. ఊరు మనల్ని వెలేసింది చాలదా? మన మనిషిని మనమే ఇంకోసారి వెలెయ్యాలా? క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, నర్సు చెప్పినట్టు మెట్రోనిడజోల్ మాత్ర పొడి చల్లితే కంపు తగ్గుతుంది. ఆ మాత్ర ఖరీదు కప్పు టీ కన్నా తక్కువ.

మంచం పక్కన కూచునేదెవరు? కూలి పోగొట్టుకున్న పెళ్లాం, బడి మానేసిన కూతురు. ఆ పిల్ల చదువు కూడా ఈ జబ్బు ఖాతాలోనే పోతుంది. ఆ లెక్క ఎవరూ రాయరు.

కేరళలో 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు, జనం కలిసి మొదలెట్టిన పనిని 2008లో ఆ సర్కారు తన విధానంగా రాసుకుంది. అక్కడ పంచాయతీలు భారం మోస్తాయి, నర్సు ఇంటికొస్తుంది. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లో ఉపశమన కేంద్రాలు పెట్టారు, మంచిదే. కానీ పక్క మీంచి లేవలేని మనిషి జిల్లా కేంద్రానికి ఎట్లా పోవాలి? తోడుపోయిన వాళ్ల కూలి ఎవరిస్తారు?

గౌరవంగా చనిపోవడం కూడా 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంబేద్కర్ రాజ్యాంగం మీద నిలబడే అడుగుతున్నాం: మండలం ఆస్పత్రిలో మార్ఫిన్ వుండాలి. వారానికోసారి నర్సు వాడకి రావాలి. రోగిని చూసుకునే మనిషికి కూలి కట్టివ్వాలి.

భూమి కోసం, స్కాలర్‌షిప్పుల కోసం దరఖాస్తులు రాసే మన సంఘాలు ఈ మూడూ వాటిలో చేర్చాలి. కలెక్టరాఫీసు ముందు కూచున్న రోజు ఈ మాట కూడా గట్టిగా అడగాలి.

జై భీమ్!